కోడిపిల్లలను గద్ద తన్నుకుపోతుంటే పెరట్లో ఏమి చేయాలి?

దేవరకొండ దగ్గరి పల్లె నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్న ఇది. రెండు గుంటల పెరట్లో నలభై కోడిపిల్లలను తెచ్చి వదిలారు. వాటిలో ముప్పై వనరాజా అనే పెరటి రకం పిల్లలు, పది నాటు పిల్లలు. ఇరవై రోజులలో పదమూడు పోయాయి. పదకొండు పగటిపూట, రెండు రాత్రిపూట. పక్కనే ఉన్న తాటిచెట్టు మీద గద్దలు వాలుతున్నాయి. పెరడంతా వల కప్పించే స్తోమత తమకు లేదన్నారు. పాత సీడీలు వేలాడదీయమని ఒకరు, చచ్చిన కోడిపిల్లలో గుళికల పురుగుమందు పెట్టి బయట వేయమని మరొకరు సలహా ఇచ్చారట. వీటిలో ఏది చేయాలని వారు అడుగుతున్నారు.

నేను పశుసంవర్ధక శాఖలో పనిచేసి పదవీ విరమణ చేశాను. కల్వకుర్తి వైపు మా ఊరి ఇంట్లో ఇరవై రెండేళ్లుగా కోళ్లు పెంచుతున్నాను. మొదటి నాలుగైదేళ్లు గద్దలకు నేను పోగొట్టుకున్న పిల్లలు తక్కువేమీ కాదు కనుక, ముందుగా జవాబు చెప్పి తరువాత కారణాలు వివరిస్తాను.

పెరడంతా వల అక్కరలేదు. పిల్ల అర కిలో బరువు దాటేదాకా, పైన వల కప్పిన చిన్న దొడ్డిలోనే పెంచండి. ఆ తరువాత బయటికి వదిలినప్పుడు, అది ఎక్కడ మేస్తున్నా పది పన్నెండు అడుగుల లోపల దూరి దాక్కునే చోటు ఉండేటట్లు పెరటిని మార్చండి. సీడీలు కొద్ది రోజులు మాత్రమే పనికివస్తాయి. గుళికల మందు ఆలోచనను ఇప్పుడే మానుకోండి. ఎందుకో కింద చెబుతాను.

అర కిలో అని ఎందుకంటున్నానంటే, మన ఊళ్ల మీద తిరిగే నల్ల గద్ద బరువే సాధారణంగా కిలోకు లోపు ఉంటుంది. చూడటానికి రెక్కలు బారెడు ఉన్నా శరీరం తేలిక. అది పట్టి ఎగరగలిగేది చిన్న పిల్లలనే. ఎదిగిన పెట్టను ఎత్తుకుపోవడం దానివల్ల కాదు. గద్దతో మన తగాదా అంతా పిల్ల ఎదిగే మొదటి రెండు మూడు నెలలదే. వనరాజా పిల్లలు ఆరు వారాలకే అర కిలో దాటుతాయి. నాటు పిల్లలకు ఆ బరువు రావడానికి పది పన్నెండు వారాలు కూడా పట్టవచ్చు. కాబట్టి మీ పిల్లలన్నిటికీ ఒకే తేదీ పెట్టుకోకండి. వారాలు లెక్కపెట్టే బదులు కాటా మీద తూచి వదలండి.

అయితే వల కొనడానికి ముందు, మీ పిల్లలను తీసుకుపోతున్నది ఏమిటో తేల్చుకోండి. రాత్రి పోయిన రెండింటిని గద్ద ఖాతాలో వేయలేము, ఎందుకంటే గద్ద చీకటి పడ్డాక వేటాడదు. గూట్లో పిల్లల సంఖ్య చప్పుడు లేకుండా తగ్గిందంటే పామునో పందికొక్కునో అనుమానించాలి. గూటి గోడ అడుగున బొరియలు ఉన్నాయేమో చూడండి. మెడ దగ్గర కొరికి, నెత్తురు మరకలతో వదిలేసి ఉంటే అది చాలాసార్లు ముంగిస పని, అది పగలే వస్తుంది. పిల్ల పూర్తిగా మాయమై ఒక్క ఈక కూడా లేకపోతే, అది పట్టపగలు ఆరుబయట జరిగితే, గద్దనో కాకినో అనుకోవచ్చు. అప్పుడే పొదిగిన పిల్లల విషయంలో కాకిని తక్కువగా అంచనా వేయకండి. రెండు మూడు కాకులు కలిసి వస్తే ఒకటి తల్లిని కవ్విస్తుంది, రెండోది పిల్లను లాక్కుపోతుంది. ఇక చెట్టు కిందో ప్రహరీ పక్కనో గుప్పెడు ఈకలు పీకి కుప్పగా పడి ఉంటే అది చిన్న డేగ. కొందరు దీనిని జాలె అంటారు. పావురమంత ఉంటుంది, బరువు సాధారణంగా పావు కిలోకు లోపే. వీపు బూడిద రంగు, రొమ్ము మీద సన్నని అడ్డగీతలు. గద్ద ఆకాశంలో గుండ్రంగా తిరుగుతూ మనకు కనిపించి వస్తుంది. డేగ అలా రాదు. చింతచెట్టు కొమ్మల్లో కదలకుండా కూర్చుని, నేలకు రెండు మూడు అడుగుల ఎత్తున గోడ వెంట దూసుకువస్తుంది. పైన తీగలు కట్టి గద్దను ఆపవచ్చు గానీ ఆ తీగలు డేగను ఆపవు. ఈ తేడా తెలియక నేను ఒక ఏడాది తీగలకు డబ్బు వృథా చేశాను.

ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకుని, పిల్ల పోయిన ప్రతిసారీ సమయం, చోటు, ఈకలు ఉన్నాయా లేవా అని రాసుకోండి. పది రోజులకే మీకు ఒక క్రమం కనిపిస్తుంది. నా పుస్తకంలో గద్ద దెబ్బలు ఎక్కువగా పొద్దున ఎనిమిది నుంచి పదకొండు లోపల, మళ్లీ సాయంత్రం నాలుగు దాటాక పడ్డాయి. నాకు కళ్లు తెరిపించింది ఆ పుస్తకమే.

ఆ పుస్తకం పెట్టడానికి కారణమైన సంఘటన ఒక ఏడాది జనవరిలో జరిగింది. ఆ శీతకాలం మిషన్‌లో పొదిగించిన ఇరవై పిల్లలను తెచ్చి, ప్రతిరోజూ పొద్దున ఎనిమిదిన్నరకు వాకిలి మధ్యలో నూకలు చల్లేవాణ్ణి. అదే సమయానికి మా నాటు పెట్ట కూడా తన తొమ్మిది పిల్లలతో వచ్చేది. ఒక రోజు నేను అరుగు మీద కూర్చుని చూస్తుండగా నేల మీద నీడ ఒకటి జారిపోయింది. పెట్ట గొంతు లోపలి నుంచి గరగరమని ఒక్క శబ్దం చేసింది. దాని తొమ్మిది పిల్లలూ ఎడ్ల బండి కిందికి పోయి నేలకు కరుచుకున్నాయి. మిషన్ పిల్లలు మాత్రం ఉన్నచోటనే నిలబడి, మెడ వంచి ఒక కన్ను ఆకాశం వైపు తిప్పి చూశాయి. గద్ద నేల మీద వాలలేదు. కాళ్లు చాచి ఒక పిల్లను అందుకుని అదే ఊపులో తాటిచెట్టు వైపు లేచిపోయింది. పసుపు రంగు నూగు ఒకటి గాలిలో తేలుతూ వచ్చి నీళ్ల మూకుడు మీద పడింది. నేను అరుగు మీది నుంచి లేచేసరికే అంతా అయిపోయింది.

ఆ ఒక్క ఉదయంలో నా తప్పులు మూడు కనిపించాయి. మేత బట్టబయలు చోట వేశాను. రోజూ ఒకే వేళకు వేసి గద్దకు సమయం నేర్పాను. తల్లి లేని పిల్లలను, తల్లి ఉన్న పిల్లలతో సమానంగా బయట వదిలాను. మీ వనరాజా పిల్లలదీ ఇదే పరిస్థితి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం వనరాజాను పెరటి పెంపకం కోసమే తయారుచేసింది. రంగు ఈకలు నేలలో కలిసిపోయి శత్రువు కంట పడకుండా ఉండాలని, పొడవైన కాళ్లు పరుగుకు పనికిరావాలని చూసుకున్నారు. ఆ గుణాలు ఎదిగిన కోడికి ఉపయోగపడతాయి. మూడు వారాల పిల్లకు కాళ్లలో ఆ పరుగు ఇంకా రాదు.

ఇప్పుడు దొడ్డి సంగతి. మీ దగ్గర మిగిలిన ఇరవై ఏడు పిల్లలకు పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు చాలు. మూడు వరుసలలో మూడేసి చొప్పున తొమ్మిది గుంజలు పాతండి. సరుగుడు దొరికితే సరే, లేకపోతే వెదురు బొంగులైనా సరిపోతాయి. ఎత్తు ఆరున్నర అడుగులు ఉంచండి. మనిషి నిలబడి ఊడ్చుకునే ఎత్తు లేని దొడ్డిని ఎవరూ శుభ్రం చేయరు. గుంజల తలల మీదుగా జీఐ తీగ (జింకు పూత పూసిన ఇనుప తీగ) బిగించి దాని మీద వల పరవండి. వల వేలాడకూడదు. జారిన వల మీద పిల్లి నడిస్తే అది పిల్లల తలల దాకా దిగుతుంది. డేగ కూడా పైనుంచి గోళ్లు దింపగలదు. పైకప్పుకు అంగుళం నుంచి అంగుళంన్నర కన్ను ఉన్న వల తీసుకోండి, అది గద్దకూ కాకికీ డేగకూ సరిపోతుంది. పక్కలకు మాత్రం అరంగుళం కోళ్ల జాలీ రెండడుగుల ఎత్తు వరకు వేసి, దాని అంచును అరడుగు మట్టిలో పూడ్చండి. ఆ పైభాగానికి మామూలు వల చాలు. గద్దను ఆపి ముంగిసకు దారి వదిలితే ఖర్చు పెట్టినదంతా దండుగే.

డబ్బు విషయంలో ఒక మాట. నాగార్జునసాగర్, డిండి, ఉదయసముద్రం, ఇటు వస్తే కోయిల్‌సాగర్, జూరాల, ఈ నీళ్ల చుట్టూ ఉన్న మత్స్యకారుల దగ్గర చేపలకు పనికిరాని పాత వలలు ఉంటాయి. నేను ఎక్కువగా అవే తెచ్చుకున్నాను. కొత్త వల ధరలో చాలా తక్కువకు ఇస్తారు. అయితే వెంట్రుకలా సన్నగా, కంటికి కనిపించని దారంతో అల్లిన వల తీసుకోకండి. దానిలో పిట్టలు, పాములు చిక్కి చనిపోతాయి, చనిపోయినవి కుళ్లి మళ్లీ గద్దలనే పిలుస్తాయి. లావు పాటి పురి దారంతో అల్లిన వల మంచిది. మన ఎండకు పాత నైలాన్ వల రెండు మూడేళ్లలో పొడి పొడిగా రాలుతుంది. ఏడాదికోసారి చేత్తో లాగి చూసి, తెగిన చోట కుట్టుకోవాలి.

వల కప్పి పెంచడానికి మూల్యం కూడా ఉంది, అది చెప్పకపోతే నా జవాబు సగమే అవుతుంది. బయట పురుగూ పుట్రా తిని బతికే పిల్లకు ఇప్పుడు దాణా మనమే పెట్టాలి. ఒకేచోట తొక్కిన నేల తడిగా మారితే నెత్తురు విరేచనాల రోగం పట్టుకుంటుంది, ముఖ్యంగా వానాకాలంలో. మిర్యాలగూడ మిల్లుల పుణ్యమా అని మన వైపు వరి ఊకకు కొరత లేదు. మూడంగుళాల మందంలో పరిచి, రెండు రోజులకోసారి తిరగేసి, తడిసిన భాగాన్ని తీసివేయండి. వేసవిలో దొడ్డి మీద రేకులు వేయకండి. ఏప్రిల్, మే నెలల ఎండలో రేకుల కింద పిల్లలు గద్ద అవసరం లేకుండానే చచ్చిపోతాయి. ఒక మూల తాటాకులతోనో వరిగడ్డితోనో నీడ వేసి, నీళ్ల మూకుళ్లు ఆ నీడలోనే పెట్టండి. గద్ద నుంచి కాపాడిన పిల్లను కొక్కెర రోగానికి (రాణిఖేత్) అప్పగించడం ఇంకా బాధగా ఉంటుంది కనుక, టీకాల తేదీలను మీ పశువుల ఆసుపత్రిలో అడిగి గోడ మీద రాసుకోండి.

అర కిలో దాటాక బయటికి వదిలే రోజు వస్తుంది. ఇక్కడ చాలామంది పొరబడతారు. పెరడు శుభ్రంగా, ఊడ్చినట్లు ఉంటే అది మన కంటికి అందం. కోడికి మాత్రం అది పరుగెత్తినా చేరే చోటు లేని మైదానం. మన ఇళ్ల దగ్గర ఖర్చు లేకుండా దొరికేవి కంది కట్టె, పత్తి కట్టె. వాటిని మోపులుగా కట్టి, మూడు మోపుల తలలు కలిపి ముడివేసి, కింది భాగం విప్పార్చి గుడారంలా నిలబెట్టండి. లోపల ఇద్దరు పసివాళ్లు దాక్కునేంత ఖాళీ ఉంటే పది పదిహేను కోళ్లు దూరగలవు. రెండు గుంటలకు ఇలాంటివి ఎనిమిది తొమ్మిది కావాలి. వాటి మధ్య దూరం పదిహేను అడుగులు మించకూడదు, అప్పుడే కోడి ఎక్కడ ఉన్నా పది పన్నెండు అడుగుల పరుగులో ఒకదానిని అందుకుంటుంది. పాత మంచం, ఎడ్ల బండి, నాలుగు ఇటుకల మీద పెట్టిన తడిక, రేగు కంప, ఇవన్నీ ఆ పనికే వస్తాయి. వర్షాకాలంలో కంది కట్టె కుప్పలో పాము చేరే అవకాశం ఉంది కాబట్టి కిందంతా నేలకు ఆనించకుండా, అప్పుడప్పుడు కర్రతో తట్టి జరుపుతూ ఉండండి. నిలకడగా ఉండే దాపు కావాలంటే నిమ్మ, మందార, గోరింట వంటి గుబురు మొక్కలు పెట్టండి. మా పెరట్లో గోరింట కంచె మూడో ఏడు నుంచి వలకంటే నమ్మకంగా పనిచేస్తోంది. మేత ఎప్పుడూ ఈ దాపుల పక్కనే వేయండి, వేళ మార్చి మార్చి వేయండి.

మీ నాటు పిల్లలకు తల్లి లేకపోతే, ముందుసారికి తల్లిని ఏర్పాటు చేసుకోండి. పొదుగు మీద కూర్చున్న నాటు పెట్ట ఉంటే, రాత్రి చీకట్లో గుడ్లు తీసి ఒకరోజు వయసు పిల్లలను దాని రెక్కల కింద పెట్టండి. తెల్లవారేసరికి అది వాటిని తన పిల్లలుగా స్వీకరిస్తుంది. వనరాజా పిల్లలతో కూడా ఇలా చేసి ఫలితం చూశాను. ఒక పెట్టకు పది పన్నెండుకు మించి పెట్టవద్దు, రెక్కల కింద పట్టవు. పందెం జాతి అసీల్ పెట్ట అయితే గద్ద ముఖం మీదికే ఎగురుతుంది. నేను చూసిన ఒక పెట్ట అలా ఎగిరి గద్ద కాళ్ల నుంచి పిల్లను జారవిడిపించింది. ఆ పిల్ల వీపున చిన్న గాయంతో బతికి, తరువాత మూడేళ్లు గుడ్లు పెట్టింది.

మందలో ఎదిగిన పుంజు ఒకటి ఉండాలి. అది తల ఎత్తి ఆకాశం చూస్తూ ఉంటుంది, మిగతావి తల దించి మేస్తాయి. గిన్నె కోళ్లు నాలుగు పెంచితే ఇంకా మంచిది, కొత్త నీడ కనిపిస్తే ఊరంతా వినిపించేలా అరుస్తాయి. ఇరుగుపొరుగుకు ఆ అరుపు ఇబ్బంది అని ముందే తెలుసుకోండి. తోక చివర చీలి ఉండే నల్ల పిట్ట, పశువుల వీపు మీద కూర్చునేది, పసుల పోలిగాడు, మీ వేపచెట్టు మీద గూడు పెడితే ఆ కొమ్మను ఎవరూ నరకకుండా చూడండి. వేసవి నుంచి వానాకాలం దాకా తన గూటి దరిదాపులకు గద్దనైనా కాకినైనా రానివ్వదు. తన కంటే ఎన్నో రెట్లు పెద్దదైన గద్ద వీపు మీద పొడుస్తూ ఊరి చివరి దాకా తరుముతుంది. మా ఇంటి వేప మీద అది గూడు పెట్టిన ఏళ్లలో నా పుస్తకంలో ఆ నెలల పేజీలు దాదాపు ఖాళీ.

సీడీలు, మెరిసే రిబ్బన్లు, దిష్టిబొమ్మ, వీటి గురించి అడిగారు. గద్ద తెలివైన పక్షి. చోటు మారనిదానికి అది వారం పది రోజులలో అలవాటుపడుతుంది. దొడ్డి కట్టేలోపు ఆ వారం గడపడానికి సీడీలు కట్టుకోండి, రెండు రోజులకోసారి చోటు మార్చండి. అంతకంటే ఆశించవద్దు. పిల్లలకు గులాబీ, ఆకుపచ్చ రంగు పూస్తే గద్ద పట్టదని మన సంతలలో చెబుతారు. నేను రెండుసార్లు పూసి చూశాను, కొద్ది రోజులకు రంగు పిల్లలను కూడా తీసుకుపోయింది. గద్ద మాత్రమే ఇబ్బంది అయి డేగ లేకపోతే, మేత వేసే చోటు పైన రెండడుగులకు ఒకటి చొప్పున తీగలు కట్టడం కొంత పనిచేస్తుంది, ఎందుకంటే వెడల్పు రెక్కల పక్షి తీగల మధ్యకు దిగడానికి జంకుతుంది.

గుళికల మందు విషయం. దయచేసి ఆ సలహా ఇచ్చినవారి మాట వినకండి. ఆ పిల్లను గద్ద కంటే ముందు మీ వీధి కుక్క తినవచ్చు, పక్కింటి పిల్లి తినవచ్చు, మీ కోళ్లే పొడవవచ్చు. ఆడుకునే పసివాడు దానిని చేత్తో పట్టుకోవచ్చు. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇలా పెట్టిన మందుకు ఒకే ఉదయం మూడు కుక్కలు, ఒక బర్రె దూడ నోట నురగతో పడిపోవడం చూశాను. దూడ యజమానికి ఆ మందుతో ఏ సంబంధమూ లేదు. పైగా గద్దలు, డేగలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న పక్షులు. వాటిని చంపడం, గూడు పడగొట్టడం, గుడ్లు తీయడం నేరాలు. గులేరుతో కొట్టడం కూడా ఇందులోకే వస్తుంది. తాటి మీద గూడు ఉంటే ముట్టుకోవద్దు. ఆ గద్దే మీ గడ్డివాము ఎలుకలనూ చచ్చిన జీవాలనూ తింటోంది. ఒక గద్ద పోతే ఆ చోటుకు ఇంకొకటి వస్తుంది, మీ పెరడు మాత్రం అలాగే ఉంటుంది.

అసలు గద్ద మీ ఇంటి మీదికి ఎందుకు అలవాటుపడిందో కూడా చూడండి. చచ్చిన కోడిపిల్లలను, కోసిన కోడి పేగులను పెంటకుప్ప మీద పడేసే ఇల్లు గద్దకు మేత దొరికే ఇల్లే. బోనాలు, పెళ్లిళ్ల రోజులలో ఇది మరీ ఎక్కువ. అలాంటివన్నీ రెండడుగుల గుంత తీసి, సున్నం చల్లి పూడ్చండి. మా వాడలో నాలుగు ఇళ్లవాళ్లం ఒప్పుకుని ఇలా చేసిన ఏడాది, ఇంటి మీద తిరిగే గద్దలు కళ్లకు కనిపించేంతగా తగ్గాయి.

పిల్లలు దించే కాలం కూడా చూసుకోండి. చలికాలం చివర నుంచి ఎండాకాలం దాకా గద్దలు గూళ్లలో పిల్లలను సాకుతుంటాయి, అప్పుడు వాటి ఆకలి రెట్టింపు. చెట్లు ఆకు రాల్చి పెరడు కూడా బోసిగా ఉంటుంది. నేను భాద్రపదం, ఆశ్వయుజం నెలల్లో పిల్లలు దింపుతాను. చుట్టూ పచ్చదనం ఉంటుంది, సంక్రాంతికి అవి గద్దకు లొంగని వయసుకు వస్తాయి.

ఈ రోజు మీరు చేయవలసింది: చీకటి పడకముందే గూటి చుట్టూ బొరియలను గాజు పెంకులు కలిపిన మట్టితో పూడ్చండి. రేపటి నుంచి ఇరవై ఏడింటినీ, వల వచ్చేదాకా, పాత చీరో దోమతెరో కప్పిన మంచాల కింద తడికలు అడ్డుపెట్టి ఉంచండి. వారం తరువాత కూడా పగలు పిల్ల పోతే, చెట్ల కింద ఈకల కుప్ప ఉందో లేదో చూసి నాకు రాయండి. ఈకలు ఉంటే డేగ, అప్పుడు దొడ్డి పక్క వలలను నేల దాకా సరిచేయాలి. లేకపోతే మీ జాలీ అంచు ఎక్కడో మట్టి నుంచి పైకి లేచి ఉంటుంది.